మేస్త్రీ ముక్కు

మూడో ట్యాంకు కూడా తిరిగొచ్చిన రోజున నాకు ఒళ్ళు మండిపోయింది. ఒకటి తిరిగొస్తే బండివాడు వానలో వదిలేశాడని చెప్పి నోరు మూయించవచ్చు. రెండోది వస్తే ఈ కాలం పెట్రోలు మీదకు నెట్టేయవచ్చు. మూడోది కూడా వచ్చిందంటే తప్పు మన దగ్గరే ఉన్నట్టు. మంచేనహళ్ళి నుంచి వచ్చిన పాలాయన మూత తీసి, లోపలికి మొబైలు లైటు వేసి చూపించాడు. రెండు నెలల కిందట మా షాపులో అతికిచ్చిన ట్యాంకు అది. అతుకు గట్టిగానే ఉంది, చుక్క కూడా కారడం లేదు. కానీ లోపల అంచుల వెంబడి ఎర్రటి తుప్పు మళ్ళీ లేచింది.

నా పేరు అమరేష్. బాగేపల్లిలో హైవే పక్కన నాకు షాపుంది. తుప్పు పట్టిన పాత బండ్ల పెట్రోలు ట్యాంకులు కడిగి, చిల్లులు పడిన చోట ఇత్తడి కరిగించి అతికివ్వడం మా పని. ఇదివరకు పాలవాళ్ళూ, పట్టుగూళ్ళు మోసేవాళ్ళూ వచ్చేవాళ్ళు. ఇప్పుడు బెంగళూరు పిల్లలు తాతల కాలం మోటారుసైకిళ్ళ మీద మోజుపడి, కొట్టాల్లో పేడ కింద పూడిపోయినవాటిని కూడా లాక్కొస్తున్నారు. నాకు ముక్కు మీద కోపమని ఊళ్ళో అందరికీ తెలుసు. తెలిసీ నా దగ్గరకే వస్తారంటే పని బాగుంటుందని. అలాంటి షాపుకు ట్యాంకులు తిరిగి రావడమంటే నా పరువు రోడ్డున పడ్డట్టే.

ఆ మూడు ట్యాంకులూ అతికింది నేను కాదు, ఆంజనేయప్ప. ఆయనకు అరవై నాలుగేళ్ళు. నాకు పని నేర్పిన మేస్త్రీ ఆయనే. ఒకప్పుడు ఈ షాపు ఆయనది, నేను పనివాణ్ణి. కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆయన ఇరవై రోజులు ఆస్పత్రిలో పడి లేచేసరికి షాపు బాడిగ కాగితం నా పేరు మీదకు మారింది. దాన్ని గురించి ఎవరేమనుకున్నా నాకు లెక్కలేదు. షాపు మూతపడకుండా చూసింది నేను. పోనీ ఆయన్ను బయటికి నెట్టానా? లేదే. నీ బల్ల నీకే ఉంటుంది, పనికి రమ్మన్నాను. ఆయన వచ్చాడు. మూడేళ్ళుగా వస్తున్నాడు. పిల్లల్లేరు, ఇంట్లో భార్య అక్కయమ్మ ఒక్కతే. ఆ బల్ల ముందు కూర్చుని, చేతిలో గ్యాసు మంట పట్టుకున్నంతసేపే ఆయన మేస్త్రీ. అది పోతే బాగేపల్లిలో ఆయన్ను పిలిచి టీ ఇప్పించేవాడు కూడా ఉండడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

మా పనిలో తుప్పు వదిలించడం కష్టమే గానీ ప్రమాదం కాదు. చింతామణి మండీలో అమ్ముడుపోక నల్లబడిన పాత చింతపండు తెచ్చి, నీళ్ళలో పిసికి, ఆ పులుసు ట్యాంకు నిండా పోసి మూడు రోజులు వదిలేస్తాం. తర్వాత లోపల సైకిలు చైను ముక్కలు వేసి, భుజాలు పడిపోయేదాకా ఊపుతాం. తుప్పంతా బురదై బయటికొస్తుంది. ప్రమాదం ఆ తర్వాత ఉంది. తుప్పు పెట్రోలును తాగుతుంది. ఎంత ఊపినా అంచు మడతల్లో మిగిలిపోయిన తుప్పు, తాను తాగిన పెట్రోలును కొంచెం కొంచెంగా వదులుతూనే ఉంటుంది. ఈ రోజు కడిగితే ఏమీ లేనట్టే ఉంటుంది, రేపు పొద్దునకు మళ్ళీ వాసన వస్తుంది. ఆ ఆవిరి ఉన్న ట్యాంకుకు మంట చూపిస్తే అది బాంబే.

అందుకని లోకంలో అందరూ ట్యాంకు నిండా నీళ్ళు పోసి, చిల్లు ఉన్న చోటు మాత్రం పైకి పెట్టి అతుకుతారు. నీళ్ళుంటే ఆవిరికి చోటుండదు. మాకు మాత్రం అది నామోషీ. నీళ్ళు పోస్తే ఆ తడి మడతల్లో నిలిచి మళ్ళీ తుప్పు లేస్తుంది. నీళ్ళు పోసి అతికేది బిందెలకు మాటేసేవాళ్ళ పని అని ఆంజనేయప్ప ఎగతాళి చేసేవాడు. ఆయన పద్ధతి వేరు. వేడినీళ్ళలో చాకలిసోడా కలిపి కడగాలి, ఎండబెట్టాలి, మర్నాడు పొద్దున మూత తీసి ముక్కు పెట్టి చూడాలి. వాసన ఉంటే మళ్ళీ కడగాలి. నాలుగు రోజులు పట్టినా సరే, వారం పట్టినా సరే. ముక్కు ఒప్పుకున్న రోజున "సరే" అని ఒక్క మాట అని మంట వెలిగించేవాడు. ఆ మాట కోసం చిక్కబళ్ళాపురం నుంచి కూడా జనం వచ్చేవాళ్ళు.

ఆ విద్య నాకూ నేర్పాడు. ఎలా నేర్పాడో చెబుతాను వినండి. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. కళ్ళకు తువ్వాలు కట్టి, ముందర నాలుగు గిన్నెలు పెట్టేవాడు. ఒకదాంట్లో పెట్రోలు, ఒకదాంట్లో కిరోసిన్, ఒకదాంట్లో డీజిలు, ఒకదాంట్లో థిన్నరు. తప్పు చెబితే సైకిలు ట్యూబు ముక్కతో వీపు మీద ఒక్కటి. అదీ చాటుగా కాదు, టీ తాగడానికి ఆగిన లారీ డ్రైవర్లందరి ముందర. వాళ్ళు పళ్ళికిలించేవాళ్ళు. ఒకసారి జలుబు చేసి నాలుగుకి నాలుగూ తప్పు చెప్పాను. ఆ రోజు చొక్కా విప్పుతుంటే వీపు తోలు కూడా దాంతో వచ్చింది. "వాసన తెలీనోడు నిప్పు ముట్టకూడదు రా" అన్నాడు. అది నా ప్రాణం కాపాడటానికేనని మీరు అనవచ్చు. వీపు మీది కాదు కదా, ఎన్నయినా అంటారు. నాకు పని వచ్చింది. దెబ్బలూ గుర్తున్నాయి.

పాలాయన్ను ఏదో ఒకటి చెప్పి పంపేశాక ఆంజనేయప్పను నిలదీశాను. ఎండ చాల్లేదేమో అని గొణిగి, శుభ్రంగా ఉన్న బల్లనే మళ్ళీ తుడవసాగాడు. నా మొహంలోకి చూడలేదు. నేను ఊరుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోతున్నట్టు పోయి, పావుగంటకే వెనక సందులోంచి వచ్చి గోడ పక్కన నిలబడ్డాను. ఆయన డ్రమ్ములోంచి చెంబుతో నీళ్ళు ముంచి ట్యాంకులో పోస్తున్నాడు. అంచుదాకా నింపి, చిల్లు పైకొచ్చేలా ఇటుకల మీద పేర్చి, గబగబా అతికేశాడు. నీళ్ళు పారబోసి, గుడ్డ దూర్చి తుడిచి, రోడ్డు వైపు చూసుకుంటూ ట్యాంకును ఎండలో పెట్టాడు. అరవై నాలుగేళ్ళ మనిషి బడిపిల్లాడిలా బెదిరిపోతూ ఆ పని చేయడం చూస్తే ఎవరికైనా జాలి వేయాలి. నాకు వేయలేదు.

ఆయన మూత దగ్గర ముక్కు పెట్టనే లేదు. నేరుగా నీళ్ళు పోసేశాడు. అక్కడే నాకు లైటు వెలిగింది. అయినా రూఢి చేసుకోవాలనిపించింది. రెండు రోజులకే అవకాశం దొరికింది. ఎండలు మండిపోతున్నాయి. ఆయన అన్నం డబ్బా మూత తీయగానే, మూడు బారల దూరంలో ఉన్న నాకు పులిసిన కంపు గుప్పున తగిలింది. రాత్రి మిగిలిన చిత్రాన్నం పాచిపోయి ఉంది. ఆయన తీరిగ్గా బాసింపట్టు వేసుకుని చివరి మెతుకు దాకా తిన్నాడు. బాగుందా మేస్త్రీ అని అడిగాను. "బాగుండాది రా. నీకు రోంత పెట్టేది మరిచిపోతిని" అన్నాడు. నేను నవ్వు ఆపుకుని బయటికొచ్చాను. ఆ సాయంత్రం ఆయనకు వాంతులయ్యాయట, మర్నాడు పనికి రాలేదు.

కరోనా ఆయన ముక్కును తీసుకుపోయింది. మూడేళ్ళుగా అది తిరిగి రాలేదు. బయటపడితే బల్ల పోతుందని దాచిపెట్టి, చాటుగా నీళ్ళు పోసుకుంటూ నెట్టుకొస్తున్నాడు. ఇంకొకడైతే పక్కకు పిలిచి, సంగతేమిటి మేస్త్రీ అని అడిగేవాడు. నాకా బుద్ధి పుట్టలేదు. నాకు నాలుగు గిన్నెలే గుర్తొచ్చాయి.

పరగోడు నుంచి పురుషోత్తమ్ అనే అతను ట్యాంకు తెచ్చింది ఆ వారమే. ముప్పై ఏళ్ళుంటాయి, కోళ్ళ ఫారం నడుపుతాడు, మెత్తటి మనిషి. వాళ్ళ తాత వెంకటరమణప్ప తిరిగిన మోటారుసైకిలు, మల్బరీ ఆకు పోసే కొట్టంలో ఇరవై ఏళ్ళు పడి ఉందట. ట్యాంకు అడుగున ఆరు సూదిబెజ్జాలు. లోపల పాత పెట్రోలు బెల్లంపాకంలా గడ్డకట్టి ఉంది. తాత మంచం మీద ఉన్నాడు, ఆయన ఉండగానే ఒక్కసారి ఆ బండి చప్పుడు వినిపించాలని మనవడి కోరిక. ఎన్ని రోజులైనా తీసుకోండి, మళ్ళీ తుప్పు మాత్రం రానీయొద్దని రెండు మూడు సార్లు చెప్పి పోయాడు.

చింతపండు పులుసూ, చైను ముక్కలూ అన్నీ అయ్యాయి. సోడాతో కడగడం నేను చేస్తానని తీసుకున్నాను. మూడుసార్లు కడిగానని ఆంజనేయప్పకు చెప్పాను. కడిగింది ఒక్కసారే. అంతటితో ఆగలేదు. సోమవారం పొద్దున షాపు తెరవగానే, రెండు మూతల కొత్త పెట్రోలు అందులో పోసి, అటూ ఇటూ తిప్పి వంపేశాను. అవును, నేనే. జలుబు చేసినవాడికైనా తెలిసే వాసన. నేనేమీ హంతకుణ్ణి కాదు. గ్యాసు సిలిండరు కట్టేసి, దాని తాళం జేబులో వేసుకున్నాను. ఎంత తిప్పినా మంట రాదు. ఆయన "సరే" అనాలి, నలుగురూ వినాలి, నాకు కావలసింది అంతే.

పదకొండు గంటలకు నలుగురూ చేరారు. పని చూడటానికి పురుషోత్తమ్ వచ్చాడు. పక్కన ఎలక్ట్రికల్ షాపు చంద్రును నేనే టీకి పిలిచాను. ఇద్దరు ఆటోవాళ్ళు, ముగ్గురు బండ్లవాళ్ళు ఉన్నారు. ట్యాంకు తెచ్చి ఆంజనేయప్ప బల్ల మీద పెట్టాను. ఇది నీళ్ళు పోయకుండా చేయాల్సిన పని అనీ, ఇతనికి తుప్పు రాకూడదనీ అందరికీ వినపడేలా చెప్పాను. ఆయన నా వైపు చూశాడు. ముప్పై ఏళ్ళలో ఆయన నన్ను అలా చూడటం అదే మొదటిసారి. ఆ చూపులో బతిమాలడం ఉంది.

"నీళ్ళు పోసే చేస్తాను రా. పాత ట్యాంకు, ఎందుకొచ్చిన తంటా" అన్నాడు మెల్లగా.

"నీళ్ళు పోసి అతికేది ఎవరి పనో నువ్వే గదా మేస్త్రీ చెప్పింది? ముక్కు పెట్టి చూడు, చాలు" అన్నాను.

ఆ నిమిషంలో ఆయన ఒప్పుకుని ఉంటే వదిలేసేవాణ్ణేమో. వదిలేసేవాణ్ణని ఇప్పుడు నాకు నేను చెప్పుకుంటున్నాను. ఆయన ఒప్పుకోలేదు. ట్యాంకును రెండు చేతులా ఎత్తి, కళ్ళు మూసుకుని, మూత తీసిన కంతకు ముక్కు ఆనించాడు. పూర్వం ఎలా చేసేవాడో అచ్చం అలాగే. ఒకసారి పీల్చాడు. ఆగి, మళ్ళీ పీల్చాడు. మూడోసారి చాలాసేపు పీల్చాడు. ఏ మూలో ఏదైనా తగులుతుందేమోనని వెతుక్కుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. నుదుటి మీద చెమట పట్టింది. తర్వాత ట్యాంకును బల్ల మీద పెట్టి, సరే అన్నాడు.

నేను ట్యాంకు తీసి చంద్రు మొహం ముందు పెట్టాను. వాడు తల వెనక్కి లాక్కున్నాడు.

"యప్పా, పెట్రోలు గుప్పుమంటాండాది" అన్నాడు.

ఆటోవాళ్ళకు అందించాను. వాళ్ళూ వాసన చూసి, ఆంజనేయప్పను చూసి, ముందు నోళ్ళు వెళ్ళబెట్టి, తర్వాత నవ్వారు. ఒకడు నవ్వితే ఇంకొకడు. నేను వాళ్ళ నవ్వు ఆగేదాకా ఆగాను. ఇన్నేళ్ళూ దాచుకున్న మాట కదా, నవ్వులో కలిసిపోకూడదు.

"వాసన తెలీనోడు నిప్పు ముట్టకూడదు. ఈ మాట ఎవరు చెప్పినారు మేస్త్రీ?"

ఆయన బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. కరోనాలో పోయిందనీ, ఇవాళ వస్తుంది రేపు వస్తుందని చూస్తున్నాననీ గొణిగాడు. ఆ తర్వాత ఒక్క మాట మాత్రం స్పష్టంగా అడిగాడు.

"నీళ్ళు పోసే చేస్తాండాను గదా రా. మూడేండ్లలో ఒక్కరికైనా ఏమైనా అయిందా?"

కాలేదు. అది నిజం. అందుకే ఇంకా గట్టిగా అరిచాను. ట్యాంకులు తిరిగొస్తున్నాయని, నా పేరు గంగలో కలిపాడని, బిందెలకు మాటేసుకునే పనైతే సంతలో కూర్చోమని నోటికొచ్చినట్టు అన్నాను. రేపటి నుంచి చైను ఊపడం, షాపు ఊడ్వడం చేయమన్నాను, మంట ముట్టుకోవద్దన్నాను. వెనకనుంచి ఎవడో "ముక్కులేని మేస్త్రీ" అన్నాడు. మళ్ళీ నవ్వులు. ఆ పేరు సాయంత్రానికి బస్‌స్టాండు దాకా పోయింది.

పురుషోత్తమ్ ఒక్కడే నవ్వలేదు. పెద్దమనిషిని పట్టుకుని ఇదేం పని అని నా మీదకు వచ్చాడు. మెత్తటివాడికి కోపం వస్తే చూడాలి. తన ట్యాంకు తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. ఆంజనేయప్ప దగ్గరకు పోయి, ఇది నువ్వే చేసివ్వాలి మేస్త్రీ అన్నాడు. చింతామణిలో వాళ్ళ మేనమామ కొడుకు గిరీశ్‌కు రేడియేటర్ల షాపుందట, అక్కడికి పోదాం రమ్మన్నాడు. ఆంజనేయప్ప లేచి, నా వైపు చూడకుండా చెప్పులు తొడుక్కుని అతని వెంట నడిచాడు. అన్నం డబ్బా కూడా మరిచిపోయాడు. పోతే పోనీ అన్నాను. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు చాలా హాయిగా ఉంది. ఇంటికి పోయి కడుపునిండా తిని పడుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం చంద్రు పరుగెత్తుకుంటూ వచ్చాడు. చింతామణిలో ట్యాంకు పేలిందన్నాడు. పురుషోత్తమ్‌కు ఫోను చేశాను. అతను నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఏడుస్తూ జరిగింది జరిగినట్టు చెప్పాడు.

వాళ్ళు ఆ ట్యాంకును మూడు రోజుల్లో నాలుగుసార్లు సోడాతో కడిగారట, ఎండబెట్టారట. శుక్రవారం పొద్దున గిరీశ్ నీళ్ళ పైపు తెచ్చి, నింపుకుందాం మేస్త్రీ అన్నాడట. వాళ్ళ షాపులో అందరూ నీళ్ళు పోసే చేస్తారు, అక్కడ అది నామోషీ కాదు. పైపు ట్యాంకులో పెట్టాడు కూడా. ఆంజనేయప్ప ఆ పైపు తీసి పక్కన పడేశాడట. నీళ్ళు పోసి అతికేది బిందెలోళ్ళ పని అన్నాడట. ట్యాంకు ఎత్తి, కళ్ళు మూసుకుని, మూడుసార్లు ముక్కుతో పీల్చాడట. అంత నమ్మకంగా పీల్చేసరికి ముక్కు తిరిగొచ్చిందేమో అనుకున్నానన్నాడు పురుషోత్తమ్. సరే అని, మంట వెలిగించి, మొదటి బెజ్జం దగ్గర పెట్టాడు. ట్యాంకు కుట్టు మొత్తం విచ్చుకుని మంట ఆయన మొహం మీదకు లేచిందట.

మడతల్లో మిగిలింది ఇరవై ఏళ్ళ నాటి పెట్రోలే అయి ఉండవచ్చు. నేను పోసిన రెండు మూతలదీ అయి ఉండవచ్చు. నాలుగుసార్లు కడిగారు కాబట్టి నాది పోయి ఉంటుందని ఒక లెక్క. నాదే తాజాది కాబట్టి అదే నిలిచి ఉంటుందని ఇంకో లెక్క. ఈ రెండు లెక్కలూ వేసుకుంటూ ఆరు రోజులు గడిపాను. ఆయన్ను చూడటానికి ఆస్పత్రికి మాత్రం పోలేదు. పని ఎక్కువగా ఉందని చంద్రుతో చెప్పాను. ఏడో రోజు ఆంజనేయప్ప పోయాడు. మట్టి చేయడానికి కూడా నేను పోలేదు. నన్ను చూస్తే పురుషోత్తమ్ ఏమంటాడోనని భయం.

అప్పటి నుంచి మా షాపులో నేను ప్రతి ట్యాంకుకూ నీళ్ళు పోస్తున్నాను. నా ముక్కు బాగానే పనిచేస్తుంది. అయినా మూత దగ్గర మొహం పెట్టబోతే చేతులు ఆడటం లేదు. తుప్పు లేస్తే లేవనీ, తిరిగి తెస్తే తేనీ. ఇప్పుడు ఎవడైనా తెస్తే ఊరికే మళ్ళీ కడిగి ఇస్తున్నాను. ఒకడు మొహం మీదే అడిగాడు, మీరు నీళ్ళు పోయని వాళ్ళు కదా అని. వాణ్ణి బూతులు తిట్టి పంపాను.

నెల గడిచాక ఒక పొద్దున అక్కయమ్మ వచ్చింది. నేను డ్రమ్ము పక్కన కూర్చుని, చెంబుతో ట్యాంకులో నీళ్ళు పోస్తున్నాను. ఆమెను చూసి లేచి నిలబడ్డాను. ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ సోమవారం ఇక్కడ ఏం జరిగిందో ఆయన ఆమెకు చెప్పలేదని నాకు అప్పుడు అర్థమైంది. చింతామణిలో పెద్ద పని దొరికిందని చెప్పి పోయాడట. ఆమె అన్నం డబ్బా కోసం వచ్చింది. అది మేకుకు వేలాడుతూ ఉంది. నేను తీసి ఇచ్చాను. నెలనాళ్ళుగా మూత తీయలేదు, ఆమె తీసింది. ఆ వాసనకు మొహం తిప్పుకుని, డ్రమ్ములో నీళ్ళడిగి, అక్కడే మెట్టు మీద కూర్చుని తోముకుంది. తోముతూనే చెప్పింది.

"నీకొక మాట చెప్పమన్నాడు నాయనా. ఆస్పత్రిలో పొయ్యే ముందురోజు అదే మాట పదిసార్లు చెప్పినాడు. 'నేను నీళ్ళు పొయ్యలేదని అమరేష్‌కు చెప్పు. చెప్తే వాడు మళ్ళా పనికి పిలుస్తాడు' అనె. ఏం నీళ్ళో నాకు అర్థం కాలేదు. చెప్పిపోదామని వస్తిని."

ఆమె డబ్బా కడిగి, కొంగుతో తుడుచుకుని లేచింది. వచ్చిన పని సగమే అయినట్టు అక్కడే నిలబడింది.

"పిలిచి ఉందువా?" అని అడిగింది.

పిలిచి ఉందునమ్మా అన్నాను.

ఆమె మొహం తేటపడింది. తలూపింది. పోబోతూ, ఇటుకల మీద పేర్చిన ట్యాంకు వైపు చూసింది. అంచుదాకా నీళ్ళున్నాయి, చెంబు ఇంకా నా చేతిలోనే ఉంది.

"మరి నువ్వు పోస్తాండావే నాయనా?"

ఇది వేరే పనమ్మా అన్నాను. అవునా అని, బస్సుకు టైమైందంటూ డబ్బా చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.